ఇంటూ కొట్టే ముందు: విశాఖ టీచర్లకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలోనూ చుట్టుపక్కలా హైస్కూళ్లలో కొత్తగా చేరిన టీచర్లకు, వాళ్లకు దారి చూపిస్తున్న సీనియర్లకు నమస్కారం.

నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. మీ దగ్గర పది గట్టెక్కిన పిల్లల్లో కొందరు వేసవి తర్వాత నా దగ్గరికి వస్తారు. ఎలాంటివాళ్లు వస్తారో మీకు తెలియంది కాదు. ఎంపీసీలో చేరడానికి ధైర్యం చాలనివాళ్లు, పాలిటెక్నిక్ సీటు తప్పిపోయినవాళ్లు, ఇంట్లో తొందరగా ఒక జీతం రావాల్సినవాళ్లు. పనిముట్ల మీద ఇష్టంతో వచ్చేవాళ్లూ ఉంటారు కానీ తక్కువే. మల్కాపురం, జ్ఞానాపురం, గాజువాక, పెదజాలారిపేట, ఆరిలోవ, భీమిలి నుంచి బస్సులు మారి వస్తారు. అడ్మిషన్ రోజున తండ్రులు పిల్లాడి ఎదురుగానే అంటారు, "చదువు ఒంటబట్టలేదండి, ఇక్కడైనా ఏదో పని నేర్పండి" అని. ఆ పిల్లాడు నేల చూపులు చూస్తూ ఉంటాడు.

చేరిన మొదటి వారంలో ఒక్కొక్కరినీ పిలిచి, "నీకు ఏది బాగా వచ్చు?" అని అడుగుతాను. చాలామంది నుంచి వచ్చే జవాబు ఒకటే: "నాకేటీ రాదు సార్." బాధపడుతూ చెప్పరు. పేరూ ఊరూ చెప్పినంత మామూలుగా చెబుతారు. పదేళ్లు బడికి వెళ్లిన పిల్లాడికి ఏమీ రాకపోవడం అనేది ఉండదు. ఏం వచ్చో ఎవరూ చూడలేదు, అంతే.

2025లో మెగా డీఎస్సీకి 16,347 పోస్టులతో నోటిఫికేషన్ ఇచ్చారు. ఏళ్ల తరబడి కోచింగుల్లో కూర్చుని, మోడల్ పేపర్లు అరగదీసి, మీలో చాలామంది అదే ఏడాది బళ్లలో చేరారు. ఉద్యోగం కొత్త కాబట్టి అలవాట్లు ఇంకా గట్టిపడలేదు. అందుకే ఈ ఉత్తరం ముఖ్యంగా మీకు రాస్తున్నాను. మీ మీద ఫిర్యాదు చేయడానికి కాదు. అడగాల్సింది ఒక్కటే: పిల్లాడు తప్పు జవాబు రాస్తే ఇంటూ కొట్టి పేజీ తిప్పేయకండి. ఆ జవాబు ఎలా వచ్చిందో వాడిచేత చెప్పించండి. పిల్లల్లో ఉన్న శక్తి అంతా బయటికి తేవాలని మీటింగుల్లో అందరూ అంటారు. అది బయటికి వచ్చే దారి ఎక్కువసార్లు ఆ తప్పు జవాబులోంచే ఉంటుందని నా నమ్మకం.

ఎందుకంటున్నానో చెబుతాను. ట్రేడ్‌లో చేరిన కొత్తలో వెర్నియర్ కాలిపర్‌తో కొలవడం నేర్పుతాం. వస్తువుని దవడల మధ్య పట్టి సూక్ష్మంగా కొలిచే పనిముట్టు అది, పెద్ద మెయిన్ స్కేలు పక్కనే జరిగే చిన్న వెర్నియర్ స్కేలు ఉంటుంది. ఆ రోజు కొలవాల్సింది గుండ్రటి ఇనప కడ్డీ ముక్క. దాన్ని దవడల మధ్య బిగిస్తే మెయిన్ స్కేలు మీద 24 మిల్లీమీటర్లు చూపించింది. వెర్నియర్ మీద నాలుగో గీత పై గీతతో కలిసింది. మా వెర్నియర్ లీస్ట్ కౌంట్, అంటే అది చూపగలిగే అతి చిన్న కొలత, 0.02 మిల్లీమీటర్. అంటే నాలుగుని 0.02తో గుణించి 24కి కలపాలి. రావాల్సింది 24.08. ఒక కుర్రాడు 24.8 అని రాశాడు.

ఎలా వచ్చిందో చెప్పమన్నాను. తప్పు చేశానని అర్థమై ముందు నోరు విప్పలేదు. రబ్బరు వెతుక్కోబోయాడు. "చెరపకు, నువ్వు ఏం చేశావో చెప్పు చాలు" అన్నాక చెప్పాడు. "నాలుగు రెళ్లు ఎనిమిది కద సార్. ఇరవై నాలుగు రాసి, పాయింట్ పెట్టి, ఎనిమిది ఏసేను."

ఇందులో ఎన్ని సరిగ్గా ఉన్నాయో చూడండి. మెయిన్ స్కేలు సరిగ్గా చదివాడు. కలిసిన గీత ఏదో పట్టుకున్నాడు. కొత్తవాళ్ల కళ్లకి అన్నిటికన్నా కష్టమైన పని అదే. గీత నంబరుని లీస్ట్ కౌంట్‌తో గుణించాలని తెలుసు, ఎక్కం తెలుసు, రెండూ కలపాలనీ తెలుసు. తెగింది ఒక్కచోటే. పాయింట్ పక్కన ఉన్న సున్నాకి పని ఉందని అతనికి తెలీదు. 0.8కీ 0.08కీ అతని దృష్టిలో తేడా లేదు.

మా దగ్గర ఫీలర్ గేజ్ అని ఉంటుంది. సన్నటి ఉక్కు రేకులు ఒక గుత్తిగా ఉంటాయి, ఒక్కో రేకు మీద దాని మందం చెక్కి ఉంటుంది. అందులోంచి 0.08 రేకు, 0.80 రేకు విప్పి అతని చేతికిచ్చాను. ముందు రేకుని వేలితో తాకితే చాలు, ఒంగిపోయి వణుకుతుంది. రెండోది నొక్కినా అంత తేలిగ్గా ఒంగదు. రెండూ వేళ్ల మధ్య మార్చి మార్చి పట్టుకుని చూసి, "ఇది కాయితంలా ఉంది, ఇదేమో పట్టీ" అన్నాడు. నేనేమీ చెప్పలేదు. నోట్‌బుక్ లాక్కుని 24.8ని తనే కొట్టేసి పక్కన 24.08 రాశాడు. కాసేపాగి వచ్చి, "మరి 0.80లో ఆఖరి సున్నా ఎందుకేసేరు సార్? 0.8 అంటే సరిపోద్ది కదా" అని అడిగాడు. కొలత ఎంత సూక్ష్మంగా తీశారో ఆ ఆఖరి సున్నా చెబుతుంది. ఇంజినీరింగ్ చదివినవాళ్లలో కూడా చాలామందికి రాని ప్రశ్న అది. "నాకేటీ రాదు" అన్నవాళ్లలో ఆ కుర్రాడూ ఒకడు.

దశాంశాలు ప్రైమరీ దాటేలోపే పరిచయమవుతాయి. అప్పటి నుంచి పదో తరగతి దాకా ఆ తప్పు అతనితోనే నడిచి వచ్చింది. ఎన్ని యూనిట్ టెస్టుల్లో దాని పక్కన ఇంటూ పడిందో. మార్కు తగ్గింది, తప్పు అలాగే ఉండిపోయింది.

లెక్కల టీచర్లు నాకన్నా బాగా చెప్పగలరు కానీ, ఒకే రకం ఇంటూ వెనక వేర్వేరు ఆలోచనలు ఉంటాయి. 0.12, 0.8లో ఏది పెద్దది అంటే 0.12 అనేవాడు పన్నెండు ఎనిమిది కన్నా పెద్దది కదా అనుకుంటున్నాడు. 0.3, 0.45లో 0.3 పెద్దది అనేవాడి సంగతి వేరు. పదో వంతు వందో వంతు కన్నా పెద్దదని విన్నాడు, అక్కడే ఆగిపోయాడు. ఇద్దరికీ మార్కు సున్నాయే. కానీ ఒకడికి చెప్పాల్సిన పాఠం రెండోవాడికి చెబితే ఇంకా గందరగోళం అవుతుంది. 52లోంచి 38 తీసేసి 26 అని రాసే పిల్లని చూడండి. పైనుందా కిందుందా అని చూడకుండా, ఎనిమిదిలోంచి రెండు తీసింది, ఐదులోంచి మూడు తీసింది. "ఎప్పుడూ పెద్దదాన్లోంచి చిన్నది తీయాలి" అని ఎవరో చెప్పిన మాటని తు.చ. తప్పకుండా పాటించింది పాపం. దాన్ని అజాగ్రత్త అంటే ఎలా?

నాకు బాగా నచ్చిన తప్పు ఇంకొకటుంది. సగానికి మూడో వంతు కలిపితే ఐదింట రెండు అని రాసేస్తారు. పైవి పైకి, కిందవి కిందికి కూడేస్తారు. మనకు వింతగా ఉంటుంది. కానీ ఆ పిల్లాడు రోజూ చూసే లెక్క అదే. ఒక పరీక్షలో 20కి 12, ఇంకోదాంట్లో 25కి 15, మొత్తం 45కి 27 అని మనమే ప్రోగ్రెస్ కార్డులో వేస్తాం. వాడు మన దగ్గర నేర్చుకున్నదే మనకి తిరిగి రాసిచ్చాడు. మార్కులు కలపడానికీ భిన్నాలు కలపడానికీ తేడా ఏమిటో ఒక పీరియడ్ కూర్చుని మాట్లాడితే, ఆ క్లాసులో భిన్నాలు అర్థం కానివాళ్లు చాలా తగ్గుతారు.

కొన్నిసార్లు తెగింది బుర్రలో కాదు, హాజరు పట్టీలో. భిన్నాలు చెప్పిన రెండు వారాలూ పిల్లకి కామెర్లు. పిల్లాడు అమ్మమ్మ ఊళ్లో కోతలకి వెళ్లాడు. జాలారిపేట పిల్లల సంగతి వేరే చెప్పాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. బళ్లు తెరిచేది జూన్ రెండో వారంలో. అంటే నోటు పుస్తకాలు, బూట్లు కొనాల్సిన రోజుల్లోనే ఇంట్లో సంపాదన ఆగి రెండు నెలలై ఉంటుంది. ఆ నెలలో నలుగురు పిల్లలు వెనకబెంచీలో ముడుచుకుని కూర్చున్నారంటే అన్నిటికీ కారణం సోమరితనమే కాకపోవచ్చు. "ఈ పాఠం చెప్పినప్పుడు నువ్వు ఎక్కడున్నావమ్మా?" అని అడిగి చూడండి. జవాబు వింటే సగం బెంగ తీరిపోతుంది, మీకూ పిల్లకీ.

"నలభై మంది ఉన్న క్లాసులో ఒక్కొక్కరినీ ఎలా అడగను సార్?" అని మీలో ఒకరు నన్ను అడగనే అడిగారు. ఒక్కొక్కరినీ అడగక్కర్లేదు. స్లిప్ టెస్ట్ పేపర్లు దిద్దేటప్పుడు ఎక్కువమంది చేసిన ఒక తప్పు ఏరి పెట్టుకోండి. మర్నాడు పేరు చెప్పకుండా బోర్డు మీద రాయండి. "ఇది రాసినవాళ్లు ఏమనుకుని రాసి ఉంటారు?" అని క్లాసుని అడగండి. జవాబు తప్పని చెప్పకండి, ఒప్పని చెప్పకండి. పిల్లలు ఎంత బాగా విప్పుతారో చూసి మీరే ఆశ్చర్యపోతారు. రాసిన పిల్లాడు కూడా, అది తనదేనని ఎవరికీ చెప్పకుండానే, చెయ్యెత్తుతాడు. పది నిమిషాల పని ఇది. రోజుకి మూడు నోటుబుక్కుల్లో మార్కు వేయకుండా ఒక్క వాక్యం రాసినా మంచిదే. "ఎక్కం సరిగ్గా వేశావు, పాయింట్ దగ్గర ఇంకోసారి చూడు" అన్నంత చాలు.

మార్కు వేయకుండా అని ఊరికే అనలేదు. 1988లో ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే ఇచ్చింది, కొందరికి వ్యాఖ్య మాత్రమే రాసింది, మిగిలినవాళ్లకి రెండూ ఇచ్చింది. తర్వాతి పనిలో మెరుగుపడింది వ్యాఖ్య మాత్రమే చూసినవాళ్లు. రెండూ ఇచ్చినవాళ్లకి వ్యాఖ్య వల్ల లాభం కనబడలేదు. ఇది మనకు తెలిసిన సంగతే కదా. పేపర్ ఇవ్వగానే పిల్లాడు చూసేది నంబరు, తర్వాత పక్కవాడి నంబరు. ఆ తర్వాత పేపర్ బ్యాగులోకి పోతుంది. మీరు ఎర్ర ఇంకుతో కష్టపడి రాసింది అక్కడే నలుగుతుంది. పబ్లిక్ పరీక్షల సంగతి మన చేతుల్లో లేదు. రోజువారీ పనికి నంబరు వేయాలని మాత్రం ఎవరూ మనల్ని బెదిరించడం లేదు.

ఇప్పుడు మౌనం గురించి. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది అడిగిన వెంటనే జవాబు చెప్పరు. చూస్తూ నిలబడతారు. బళ్లో వాళ్లకు అలవాటైంది ఏమిటంటే, కాసేపు నిలబడితే సార్ పక్కవాడిని అడుగుతాడు, తను కూర్చోవచ్చు. బీఎడ్‌లో మేరీ బడ్ రో పేరు వినే ఉంటారు. అమెరికాలో క్లాసుల టేపులు విని ఆవిడ తేల్చింది ఇది: ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను కన్నా ఎక్కువ ఆగడం లేదు. మూడు సెకన్లు ఆగేలా అలవాటు చేస్తే జవాబులు పొడుగయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు మాట్లాడారు. మూడు సెకన్లంటే ఏముంది అనిపిస్తుంది. క్లాసులో నిలబడి నోరు మూసుకుని లెక్కపెట్టి చూడండి, ఎంత టెన్షన్‌గా ఉంటుందో! మనసులో లెక్కపెట్టుకోకపోతే నాకు ఇప్పటికీ కుదరదు.

మౌనానికి ఇంకో కారణం మాట తీరు. "ఏటి", "ఎలిపోనాను", "ఒచ్చీసేను" అనే పిల్లాడిని చూసి క్లాసంతా ఒక్కసారి నవ్విందంటే, ఆ నవ్వులో టీచర్ గొంతు కూడా కలిసిందంటే, ఆ ఏడాదికి వాడి నోరు మూతపడిపోయినట్టే. ఇక మీడియం ఇంగ్లిష్ అయ్యేసరికి రెండు తాళాలు పడతాయి. ఈ గొడవ మన ప్రాంతానికి కొత్త కాదు. నూరేళ్ల కిందట ఇక్కడి జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌గా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లిష్ దొర, పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, బళ్లో నేర్పే తెలుగు ఇంకొకటి ఎందుకని అడిగాడు. మన ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు ఆ ప్రశ్నని పట్టుకుని పెద్ద ఉద్యమమే చేశారు. గిడుగు వారు అంతకుముందే ఇంకో పని చేశారు. సవర గిరిజనుల పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తనకు సవర భాష రావాలని, ఆయన వెళ్లి ఆ భాష నేర్చుకున్నారు. సొంత డబ్బుతో వాళ్లకి బళ్లు పెట్టారు. మిమ్మల్ని కొత్త భాష నేర్చుకోమనడం లేదు. పిల్లాడు ముందు తన మాటల్లో చెప్పనివ్వండి. ఆలోచన సరిగ్గా ఉందని తేలాక ఇంగ్లిష్ మాట అందించండి. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్ ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు మన సర్కారీ బళ్లలో ఉండనే ఉన్నాయి. తెలుగు పేజీ చూస్తే నామోషీ అనే భావం మాత్రం పిల్లలకు మన దగ్గర నుంచే అంటుతోంది.

పూర్ణా మార్కెట్‌లో తల్లి పక్కన కూర్చుని కూరగాయలు అమ్మే పిల్లని ఎప్పుడైనా గమనించారా? ముప్పావు కిలో వంకాయలు, పావు కిలో పచ్చిమిర్చి, ఐదొందల నోటుకి చిల్లర. కాగితం, పెన్ను లేకుండా చెప్పేస్తుంది. అదే పిల్ల క్లాసులో మూడంకెల భాగహారం ముందు బిగుసుకుపోతుంది. 2025లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారితో పనిచేసినవాళ్లు కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద చేసిన అధ్యయనం వచ్చింది. బేరం లెక్కలు నోటితో చకచకా చేసే పిల్లలు, పుస్తకంలో ఉన్నట్టు రాసిస్తే అంతకన్నా తేలికైనవి కూడా చేయలేకపోయారు. తమాషా ఏమిటంటే, బళ్లో పుస్తకం లెక్కలు చేయగలిగిన పిల్లలకి మార్కెట్ లెక్కలు రాలేదు. అంటే వెనకబడ్డది ఒక్క పక్కే కాదు. ఆ పిల్లని నిలబెట్టి "చిల్లర ఎలా లెక్కపెట్టావో క్లాసుకి చెప్పు" అంటే, ఆ రోజు పాఠం ఆమె చెబుతుంది, ఫస్ట్ ర్యాంకు వాడు వింటాడు. దాన్నుంచి భాగహారానికి దారి వేయడం మీ పని. అదేం తేలిక కాదు, కానీ దారి మొదలు ఎక్కడుందో తెలుస్తుంది.

స్టాఫ్‌రూముల్లో "స్లో లెర్నర్ల లిస్టు" అని ఒకటి తయారవుతుంది. పదో తరగతి ఫలితాల భయం వల్ల దాన్ని తయారు చేయక తప్పదని నాకు తెలుసు. ఆ లిస్టు అదనపు క్లాసు పెట్టడానికైతే మంచిదే. దాన్ని గోడకి అంటించడం, ప్రేయర్‌లో పేర్లు చదవడం, అమ్మానాన్నల మీటింగులో అందరి ముందూ "మీ వాడు లిస్టులో ఉన్నాడు" అనడం, ఇవి మాత్రం మానండి. 1960ల్లో కాలిఫోర్నియాలో ఒక ఎలిమెంటరీ స్కూల్లో రోసెంతాల్, జాకబ్సన్ చేసిన ప్రయోగం మీకు తెలిసిందే. ఐదుగురిలో ఒకరు చొప్పున, ఏ ఆధారమూ లేకుండా పేర్లు ఏరి, ఈ పిల్లలు ఈ ఏడాది బాగా వికసిస్తారని టెస్టులో తేలిందని టీచర్లకు చెప్పారు. ఒకటి, రెండు తరగతుల్లో ఆ పిల్లల స్కోర్లు నిజంగానే మిగతావాళ్ల కన్నా ఎక్కువ పెరిగాయి. పై తరగతుల్లో పెద్ద తేడా రాలేదు, ఆ లెక్కల మీద తర్వాత బోలెడు వాదనలు నడిచాయి. కాబట్టి దాన్ని నేను మంత్రంలా నమ్మను. అయితే ఐటీఐలో నా వర్క్‌షాపులో చూస్తున్నది చెబుతాను. వీడికి రాదు అని ముందే అనుకున్న పిల్లాడికి మనం తేలిక ప్రశ్నలు వేస్తాం, జవాబు కోసం తక్కువ ఆగుతాం, తప్పు చేస్తే కారణం అడగం. వాడికి రాకుండా పోవడానికి ఇంతకన్నా ఇంకేం కావాలి?

విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననే కాదు, మానసిక వేధింపునీ నిషేధించింది. "మొద్దు", "మట్టిబుర్ర", "గేదెలు కాసుకో పో" అనేవి దాని కిందికి వస్తాయని నా అభిప్రాయం. ఇంతకు మించి దీని మీద చెప్పడానికి ఏమీ లేదు, మానేయాలి అంతే.

ఫలితాలు రాగానే మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా ఫ్లెక్సీలు లేస్తాయి. 600కి 590 దాటిన పిల్లల ఫొటోలు, పక్కన కరస్పాండెంట్ గారి ఫొటో. ఆ పిల్లల కష్టాన్ని తక్కువ చేయను. కానీ టీచర్ పనితనానికి అది కొలత కాదని ఈ ఊళ్లో అందరికన్నా మనకే తెలియాలి. సి.వి. రామన్ చిన్నతనం ఇక్కడే గడిచింది. తండ్రి ఏవీఎన్ కాలేజీలో లెక్కలు, ఫిజిక్స్ చెప్పేవారు, ఇల్లంతా పుస్తకాలు. రామన్ సెయింట్ అలోషియస్‌లో చదివి పదకొండేళ్లకే మెట్రిక్ పాసయ్యారు. అలాంటి పిల్లాడు ఎవరి క్లాసులో కూర్చున్నా పైకొస్తాడు. ఇంట్లో ఒక్క పుస్తకం లేని పిల్ల పద్దెనిమిది మార్కుల నుంచి నలభై రెండుకి వచ్చిందంటే, అక్కడ ఎవరో టీచర్ గట్టిగా పనిచేశారని అర్థం. ఆ పిల్లకి ఫ్లెక్సీ ఎవరూ కట్టరు. మీరు పిలిచి ఒక మాట చెప్పండి. "నువ్వు తెలివైనదానివి" అని కాదు, "మొదట్లో గుర్తులు తారుమారు చేసేదానివి, ఇప్పుడు చేయడం లేదు" అని. ఏం చేస్తే బాగుపడిందో తెలిస్తే మళ్లీ అది చేయగలుగుతుంది.

మీ తరఫున ఒక మాట అధికారులకు కూడా చెప్పాలి, వాళ్లూ ఇది చదువుతారనే అనుకుంటున్నాను. 2022లో టీచర్లకి ఫోన్‌లో ఫేస్ రికగ్నిషన్ హాజరు వచ్చిన నాటి గొడవ అందరికీ గుర్తుంది. అంతకుముందు మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టడం ఉండనే ఉంది. ప్రభుత్వాలు మారినా టీచర్ చేతిలో ఫోన్ మాత్రం కిందికి దిగడం లేదు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుతో సంబంధం లేని పనికి టీచర్లని పెట్టకూడదంటుంది. పిల్లాడి తప్పుని చదవడానికి టీచర్‌కి కావాల్సింది సమయం. రోజుకి ఒక పీరియడ్ ఏ అప్‌లోడూ లేకుండా వదలండి. కొత్త పథకం పేరు ఏదీ పెట్టక్కర్లేదు.

మా షాపులో ఒక మంచి అలవాటు ఉంది, దాన్ని మీ క్లాసుకి తీసుకెళ్లమని అడుగుతున్నాను. ఆకురాయితో ఒక ముఖం చదును చేశాక పిల్లాడు దాన్ని నా దగ్గరికి తేడు. ముందు తనే ట్రై స్క్వేర్ (చదును, మూల సరిగ్గా ఉన్నాయో చూసే L ఆకారం పనిముట్టు) ఆనించి, కిటికీ వైపు ఎత్తి పట్టుకుని చూస్తాడు. బ్లేడుకీ ఇనుముకీ మధ్య వెలుతురు ఎక్కడ కనిపిస్తే అక్కడ పల్లం ఉన్నట్టు. పక్కన ఎత్తుగా ఉన్నచోట ఆకురాయితో ఇంకాస్త రాస్తాడు, మళ్లీ చూస్తాడు. దీన్ని ఎవరూ తప్పు అనరు, మార్కు కొట్టరు, ఎవరూ నవ్వరు. అందరి పీసులోనూ మొదట వెలుతురు కనిపిస్తుంది, నేను చేసినా కనిపిస్తుంది. బళ్లో "నాకేటీ రాదు" అన్న పిల్లలు ఇక్కడ మధ్యాహ్నం భోజనం కూడా మరిచిపోయి రాస్తూ నిలబడతారు. ఎక్కడ తేడా ఉందో వాళ్లకే కనిపిస్తోంది, సరిచేయడం వాళ్ల చేతిలోనే ఉంది. మీ సబ్జెక్టులో ఆ ట్రై స్క్వేర్ ఏమిటో మీరే ఆలోచించాలి. లెక్కల్లో అయితే జవాబుని వెనక్కి వేసి చూసుకోవడం. తెలుగులో అయితే తను రాసింది పక్కవాడికి పైకి చదివి వినిపించడం, చదువుతుంటే ఎక్కడ నాలుక తడబడిందో అక్కడ గీత పెట్టుకోవడం. సైన్సు వాళ్లకి బోలెడున్నాయి. సోషల్ గురించి నాకు అంతగా తెలీదు, ఆ టీచర్లే చెప్పాలి.

చివరిగా రెండు కోరికలు. మొదటిది, పది పాసైన పిల్లాడికి టీసీ, మార్కుల మెమో ఇస్తాం కదా, దాంతోపాటు అరపేజీ కాగితం ఒకటి రాసివ్వండి. వాడికి ఏం వచ్చు, ఎక్కడ తడబడతాడు, ఏం చేస్తే అందుకుంటాడు. "బొమ్మలు చూసి అర్థం చేసుకుంటాడు, దశాంశాల్లో సున్నా దగ్గర చూడాలి, అందరి ముందూ అడిగితే చెప్పడు, విడిగా అడిగితే చెబుతాడు." ఇంతే. మార్కుల మెమో చూసి నాకు తెలిసేది తక్కువ. ఈ కాగితం ఉంటే నేను మొదటి నెల వెతుకులాట మానేసి పని మొదలుపెడతాను. జూనియర్ కాలేజీ లెక్చరర్లకీ ఇదే పనికొస్తుంది.

రెండోది, ఒక శనివారం మా షాపుకి రండి. మీ పాత విద్యార్థులే మీకు వెర్నియర్ చదవడం నేర్పుతారు. గీత ఎక్కడ కలిసిందో మీకు మొదట్లో కనిపించదు, వాళ్లు నవ్వరని హామీ ఇస్తున్నాను. వచ్చేముందు ఒక ఫోన్ చేయండి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి, నేల మీద ఇనప రజను ఉంటుంది. చీరల్లో వచ్చే మేడమ్‌లు కొంగు దోపుకోవాలి, డ్రిల్లింగ్ మెషీన్ దగ్గరికి మాత్రం నేను చెప్పాకే రండి.

ఇట్లు,
ఒక ఫిట్టర్ ఇన్‌స్ట్రక్టర్,
విశాఖపట్నం